అమావాస్య చెవుడు

మా మనవరాలు మేఘన డాక్టరుగారికి ఒక షరతు పెట్టింది. ముందు అమ్మమ్మ చెవి చూడాలి, అమ్మమ్మ ఏడవకపోతే అప్పుడు తన చెవి చూపిస్తుంది. ఐదేళ్ల పిల్ల కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని అంత తెగేసి చెబితే ఆ డాక్టరమ్మాయి మాత్రం ఏం చేస్తుంది? "రండి ఆంటీ, ముందు మీదే కానిద్దాం" అని నవ్వింది. సన్నటి కెమెరా పుల్ల నా చెవిలో పెట్టగానే ఎదురుగోడ మీది టీవీలో నా చెవి లోపలంతా వచ్చేసింది. ఇన్నేళ్లలో ఎన్నడూ టీవీలో కనబడని దాన్ని, తీరా కనబడితే ఇలా కనబడ్డాను. చివర్లో ఉల్లిపొరంత పల్చటి తెర, అదే కర్ణభేరి. ఆ తెర మీద ఓ పక్కన సున్నం రాసినట్టు నెలవంక ఆకారంలో తెల్లటి మచ్చ ఉంది. డాక్టరమ్మాయి అక్కడ ఆగిపోయి, "చిన్నప్పుడు మీక్కూడా ట్యూబులు వేశారా ఆంటీ? అది మానిన చోటు ఇలా సున్నంలా గట్టిపడుతుంది ఒక్కోసారి. భయమేం లేదులెండి" అంది. వేశారు, అందులో ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో తాయెత్తులో ఉంది అన్నాను. మా అమ్మాయి సుధ నావైపు ఓ చూపు చూసింది. ఆస్పత్రుల్లో నేను నోరు తెరవడం దానికి ఇష్టం ఉండదు.

ఆ పొద్దున అంత హడావుడిగా మేం వెళ్లడానికి కారణం సగ్గుబియ్యం గింజంత తెల్లటి వస్తువు. పోయిన ఏడాది మేఘనకి రెండు కర్ణభేరుల వెనకా జిగురులాంటి నీరు చేరి వినికిడి తగ్గిపోయింది. అప్పుడు వాటికి చిన్న గాటు పెట్టి, లోపలికి గాలి ఆడేందుకు చెరో బుల్లి ట్యూబు అమర్చారు. ఒకటి ఎప్పుడో ఊడిపోయిందని పోయినసారి వెళ్లినప్పుడే చెప్పారు. రెండోది ఇవాళ దిండు మీద దొరికింది. సుధ దాన్ని చెవిపోగుల డబ్బాలో దూది మీద పడుకోబెట్టి, భవానీపురం నుంచి సూర్యారావుపేట దాకా ఆటోలో ఒకటే మాట: "మళ్లీ వినపడకుండా పోతుందేమోనమ్మా." దాని బాధ నాకు తెలుసు. పోయిన ఏడాది స్కూల్లో "మీ పాపకి ధ్యాస తక్కువండీ" అన్నారని ఆ పసిదాన్ని రోజూ కోప్పడింది. అసలు సంగతి తెలిశాక వారం రోజులు సరిగా అన్నం తినలేదు. డాక్టరమ్మాయి మేఘన చెవులు చూసి, "చిల్లులు రెండూ చక్కగా మూసుకున్నాయి. ట్యూబు ఊడాల్సిందే కదండీ, కంగారేం లేదు. ఎంత వినపడుతోందన్నది మాత్రం సోమవారం పరీక్షలో చూద్దాం. అప్పటిదాకా ఇంట్లో మామూలుగా పిలిచి చూస్తూ ఉండండి" అంది.

మామూలుగా పిలవడం అన్నమాట వింటే నాకు నవ్వొచ్చింది. నేను పుట్టిన ఇంట్లో ఎవరూ ఎవర్నీ మామూలుగా పిలిచి ఎరగరు. పామర్రుకి దగ్గర్లో మాది నేతవాళ్ల ఇల్లు. నడిమింట్లో రెండు, వసారాలో రెండు గుంటమగ్గాలు. గుంట అంచున కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి తొక్కుళ్లు తొక్కుతుంటే పైన నూలు కండె పెట్టిన నాడె అటూ ఇటూ పరిగెడుతూ ఉండేది. నాలుగు మగ్గాలూ ఒకేసారి ఆడితే గోడకి తగిలించిన పటాలు కూడా కదిలేవి. ఇల్లంతా గంజి పులుపు, నూలు దుమ్ము, రంగు వాసన. మా అన్నంలో దారప్పోగులు రావడం ఎవరికీ వింత కాదు. నాయనమ్మ గుమ్మం దగ్గర రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. ఆవిడ చెవి తమ్మెలు బరువైన పోగులకి సాగి భుజాల దాకా వేలాడేవి. ఆ ఊళ్లో ఏ పసిబిడ్డకి చెవులు కుట్టినా పక్కన నాయనమ్మ ఉండాల్సిందే. చెవుల విషయంలో తనను మించినవాళ్లు లేరని ఆవిడ నమ్మకం, ఆ నమ్మకమే తర్వాత నా ప్రాణం మీదికి తెచ్చింది.

అంత మోతలో మాట వినపడాలంటే అరవాల్సిందే. అన్నానికి అరుపు, నీళ్లకి అరుపు, ముద్దుచేయాలన్నా అరుపే. మా ఇంటికొచ్చిన చుట్టాలు మొదటిరోజు భయపడేవాళ్లు, రెండోరోజు వాళ్లూ అరిచేవాళ్లు. మా అమ్మకి నెల తప్పిన సంగతి మా నాన్నకంటే ముందు ఎదురింటివాళ్లకి తెలిసిందని చెప్పుకుని నవ్వేవాళ్లు. అరిచి అరిచి గొంతు పోయినప్పుడు సైగలు ఉండేవి. నోటి దగ్గర అయిదు వేళ్లూ చేరిస్తే అన్నం, బొటనవేలు నోట్లో పెట్టినట్టు చూపిస్తే మంచినీళ్లు, మీసం దువ్వితే షావుకారు వస్తున్నాడు. చెప్పింది వినపడింది అనడానికి ఒక చెవి తమ్మె పట్టుకునేవాళ్లం. ఈ చివరి సైగ నాకు బాగా ఉపయోగపడింది. ఎవరైనా నావైపు తిరిగి పెదాలు కదిపితే చాలు, నేను చెవి పట్టుకునేదాన్ని. వినపడిందా లేదా అన్నది నాకు సంబంధం లేని విషయం. చెవి పట్టుకుంటే పెద్దవాళ్లు వదిలేస్తారు, అంతే నాకు తెలిసింది.

నా రెండు చెవుల్లోనూ జిగురు నిండి ఉందని ఆ ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? అరిస్తే వినపడేది, అందరూ అరిచేవాళ్లు. వ్యవహారం చక్కగా సాగిపోయేది. తేడా వచ్చేదల్లా అమావాస్య నాడు. అమావాస్యకి మావాళ్లు నేతపని ముట్టరు. ఆ రోజు మగ్గాలు ఆగి, ఇల్లు సద్దుమణిగి, అందరూ మనుషుల్లా మాట్లాడుకునేవాళ్లు. అప్పుడు నాకు ఒక్క మాట వినపడేది కాదు. పిలిస్తే పలికేదాన్ని కాదు, చెప్పిన పని చేసేదాన్ని కాదు, ఓ మూల కూర్చుని గోడకేసి చూసేదాన్ని. నెలకోసారి ఇలాగే జరగడం నాయనమ్మ కనిపెట్టింది. మిగతా రోజులన్నీ బంగారంలాంటి పిల్ల, అమావాస్య రాగానే మొద్దులా మారిపోతోంది. దీనికి ఆవిడకి ఒకటే అర్థం తోచింది. "పిల్లకి గాలి సోకిందిరా, అమావాస్య గాలి" అని మా నాన్నతో రహస్యంగా అరిచి చెప్పింది.

దాంతో నా అమావాస్యలు యమ జోరుగా గడిచాయి. తెల్లవారుజామునే ఉప్పూ మిరపకాయలతో దిష్టి, మధ్యాహ్నం వేపమండలతో విసరడం, సాయంత్రం సాంబ్రాణి పొగ. ఆ పొగకి నేను దగ్గితే గాలి బయటికి పోతోందని నాయనమ్మ సంతోషించేది. చివరికి పక్క ఊరి నుంచి వెండి తాయెత్తు ఒకటి మంత్రించి తెచ్చి నా మొలతాడుకి కట్టింది. మర్నాడు మగ్గాలు మొదలవగానే నేను మళ్లీ పలికేదాన్ని కాబట్టి తాయెత్తు బ్రహ్మాండంగా పనిచేస్తోందని ఊరంతా చెప్పుకుంది. మరో ఇద్దరు తల్లులు తమ పిల్లలకి కూడా కట్టించారు.

గుట్టు బయటపెట్టింది వాన. ఆ ఏడు ముసురు పట్టి మా వైపు చేలూ కాలువలూ ఏకమయ్యాయి. మా నేలలో జానెడు తవ్వితే నీళ్లు ఊరతాయి, ఇక మగ్గం గుంటల సంగతి చెప్పాలా? నాలుగూ నిండిపోయాయి. మగ్గాలు ఆగిపోయి రోజుల తరబడి ఇంట్లో చప్పుడు లేదు. అమావాస్య వెళ్లి పున్నమి వస్తున్నా నాకు పట్టిన గాలి దిగకపోయేసరికి నాయనమ్మ గుండెల్లో రాయి పడింది. నేను మాత్రం నడిమింటి గుంటలో ఖాళీ కండెలు పడవల్లా వదిలి ఆడుకుంటున్నాను. నాన్న అదే గుంటలో మోకాళ్ల లోతున నిలబడి నీళ్లు తోడుతూ, ఆ చెంబు ఇలా అందించమని నన్ను అడిగాడట. పలకలేదు. మళ్లీ అడిగాడు. ఆయనకి ఏం తోచిందో, గుంటలోంచి పైకి వచ్చి నా ఎదురుగా కూర్చుని, గొంతులోంచి చప్పుడు రాకుండా ఉత్త పెదాలు ఆడించాడు. నేను తలెత్తి చూశాను. బుద్ధిగా చెవి తమ్మె పట్టుకున్నాను.

నాన్న ముఖం నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంది. తడిచేతులతోనే నన్ను దగ్గరికి లాక్కుని చాలాసేపు వదల్లేదు. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను అదే మొదట చూడటం. తర్వాత గట్టిగా, నాక్కూడా వినపడేంత గట్టిగా, "అమ్మా! దీనికి గాలీ లేదు, ధూళీ లేదు. వినపట్టం లేదే దీనికి!" అన్నాడు. నాయనమ్మ ఒప్పుకుంటుందా? "చెవిటిదైతే రోజూ అన్నానికి ఎలా వస్తందిరా?" అని నిలదీసింది. "నువ్వు అరిచే అరుపుకి పామర్రోళ్లు కూడా వస్తారమ్మా అన్నానికి" అన్నాడు నాన్న. అంత బాధలోనూ మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్విందని తర్వాత ఎన్నోసార్లు చెప్పింది.

బెజవాడలో చెవి డాక్టరుగారు నిదానస్తుడు. ఆయన దగ్గర చెవిలోకి చూసే పెద్ద మైక్రోస్కోపు ఉండేది. నా చెవుల్లోకి చూసి, కర్ణభేరి వెనక బఠాణీ పట్టేంత గది ఉంటుందనీ, ముక్కు వైపు నుంచి దానికి గాలి వెళ్లే దారి పిల్లల్లో ఇరుగ్గా ఉండి మూసుకుపోతుందనీ, గాలి లేని గదిలో జిగురు చేరిందనీ చెప్పాడు. ఆ జిగురు తీసి, గది తలుపుకి బుల్లి కిటికీ పెడతానన్నాడు. "ఎన్నాళ్లుంటదయ్యా ఆ కిటికీ?" అంది నాయనమ్మ. "ఉన్నన్నాళ్లు ఉంటుంది మామ్మగారూ" అన్నాడు ఆయన. అంటే నేను ఉన్నన్నాళ్లు అని ఆవిడ అర్థం చేసుకుంది. మత్తిచ్చి పని ముగించారు. తిరుగు బస్సులో నాయనమ్మ ఒళ్లో కూర్చున్నాను. కండక్టరు సంచిలో చిల్లర గలగల, కిటికీ రేకుల కటకట, వెనక సీట్లో ఎవరో పల్లీలు ఒలుస్తున్న చప్పుడు, అన్నీ ఒకేసారి నా మీద పడ్డాయి. ఉయ్యూరులో చెరుకు వాసన వచ్చే వేళకి నాయనమ్మ నిద్రపోయింది. ఆవిడ ముక్కు నిద్రలో ఈల వేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంటికి వెళ్లేసరికి గుంటలు ఆరి మగ్గాలు ఆడుతున్నాయి. గుమ్మంలో అడుగుపెట్టిన దాన్ని రెండు చెవులూ మూసుకుని పెరట్లోకి పరిగెత్తాను. నీళ్ల గాబు వెనక నక్కి వెక్కివెక్కి ఏడుస్తుంటే అమ్మ వచ్చి ఏమైందని అరిచింది. "అందరూ నన్నెందుకు తిడుతున్నారు?" అన్నాను. అమ్మకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నా పక్కనే కూలబడి, నవ్వుతూ ఏడ్చింది. మామూలు గొంతుతో అమ్మ నాతో మాట్లాడటం అప్పుడే మొదలు. ఆ గొంతు నేను అనుకున్నంత పెద్దది కాదు, కాస్త జీరగా, మెత్తగా ఉండేది.

అక్కణ్ణుంచి నా చెవులకి నాయనమ్మ కాపలా. తలంటు పోసేటప్పుడు మాత్రం నీళ్లు పోకుండా చెవుల్లో దూది పెట్టమని డాక్టరుగారు చెప్పాడు. తలంటుకి మంచిదైనది మిగతా వేళల్లో ఎందుకు మంచిది కాదని నాయనమ్మ తర్కం. కొబ్బరినూనెలో ముంచిన దూది పగలూ రాత్రీ నా చెవుల్లో ఉండేది. జంతికలు నమిలితే కిటికీ అదురుతుందని జంతికలు బంద్. కాలువలో మునక బంద్, తొక్కుడుబిళ్ల బంద్. పక్కకి తిరిగి పడుకుంటే చెయ్యి పెట్టి వెల్లకిలా తిప్పేది. నాకు తుమ్ము వస్తున్నట్టు కనిపిస్తే చాలు, రాట్నం వదిలేసి వచ్చి నా తల రెండు పక్కలా అదిమి పట్టుకునేది. ఇంతలో అమావాస్య వచ్చింది. మగ్గాలు ఆగాయి. నేను పలకలేదు. "మళ్లీ వచ్చిందిరోయ్ గాలి!" అని నాయనమ్మ సాంబ్రాణి తెచ్చేలోపు నాన్న వచ్చి నా చెవుల్లోంచి దూది ఉండలు పీకి ఆవిడ చేతిలో పెట్టాడు. "కిటికీ పెట్టించి దాన్నిండా దూది కుక్కితే ఎట్టాగమ్మా?" అన్నాడు. ఆ తర్వాత దూది పగలు మాని రాత్రి మాత్రమే పెట్టేలా రాజీ కుదిరింది.

ఇంత కాపలా కాసినా ఒక పొద్దున పక్కబట్టలు మడతపెడుతున్న నాయనమ్మకి నా దిండు మీద తెల్లగా ఏదో కనిపించింది. మొదట పేను గుడ్డు అనుకుందట. వేలితో తీసి వెలుగులో చూసి, ఇంటి దూలం విరిగినంత కేక పెట్టింది. ఆవిడకి తెలిసిన చెవిశాస్త్రం ఒకటే: కుట్టిన చెవికి పోగు ఊడితే తెల్లారేసరికి చిల్లు పూడుకుపోతుంది, పూడకముందే వేపపుల్ల దూర్చాలి. క్షణాల్లో సన్నటి వేపపుల్ల నున్నగా చెక్కి పసుపు రాసి సిద్ధం చేసింది. నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని చెవి వెలుగుకి తిప్పుతుండగా మా అమ్మ చూసింది. అత్తగారి మాటకి ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి, ఒక్క ఉదుటున వచ్చి ఆ పుల్ల లాక్కుని పొయ్యిలో పెట్టింది. ఆ పూట మా అమ్మ అలా చేయకపోతే ఈ జ్ఞాపకాలు రాసుకోవడానికి నా దగ్గర పెద్దగా చప్పుళ్లు ఉండేవి కావు.

దొరికిన మొదటి బస్సెక్కాం. దారంతా నాకు భయంగా ఉంది. అప్పటికి వినడం నాకు అలవాటైపోయింది. పిల్లి పాలు తాగే చప్పుడు, తాటాకు చూరు మీంచి జారే వాన, అమావాస్య నాడు నాన్న దారాలు సర్దుకుంటూ తనలో తాను తీసే కూనిరాగం, ఇవన్నీ నావి అయిపోయాయి. కిటికీ ఊడిపోయింది కాబట్టి అవి ఈ రాత్రికే పోతాయని నాయనమ్మ ఏడుపు చూసి నాకు అర్థమైంది. అందుకని బస్సు కిటికీకి చెవి ఆనించి, బెజవాడ దాకా వినగలిగినవన్నీ విని పెట్టుకుంటూ కూర్చున్నాను.

డాక్టరుగారు కుడిచెవి చూశాడు, ఎడమచెవి చూశాడు. నవ్వు ఆపుకోవడం కష్టమైంది ఆయనకి. "కుడిది ఇప్పుడు ఊడింది. ఎడమది ఊడి ఎన్నాళ్లయిందో మామ్మగారూ, చిల్లు మూసుకుపోయి ఆనవాలు కూడా సరిగా లేదు" అన్నాడు.

"రాత్రి కూడా దూది పెట్టాను కదా నాయనా ఆ చెవికి!"

"ఖాళీ ఇంటికి కాపలా కాశారండీ. ఇన్నాళ్లూ ఆ చెవి ట్యూబు లేకుండానే వింటోంది మరి."

నాన్న మెల్లగా, అదెలా ఊడింది, మేం ఏం తప్పు చేశాం అని అడిగాడు. డాక్టరుగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "మీరేం చేయలేదండీ. చెవిలో పొర కూడా చర్మమే. ఒంటిమీద చర్మం పాతబడితే మట్టిలా రాలిపోతుంది. చెవి లోపల రాలితే పేరుకుపోతుంది కదా? అందుకని అక్కడి చర్మం నడిమధ్య కొత్తగా పుట్టి, మెల్లగా అంచుకి జరిగి, గోడ వెంబడే బయటికి వస్తుంది. దానిమీద ఏది కూర్చున్నా మోసుకొచ్చి, గులిమితో పాటు బయట పడేస్తుంది. వెనకాల పొర అల్లుకుని చిల్లు మూసుకుంటుంది" అన్నాడు.

"మగ్గం మీద బట్టలాగన్నమాట" అన్నాడు నాన్న. "నేసేకొద్దీ బట్ట జరిగి మన ముందున్న దోనె కర్రకి చుట్టుకుంటది. మధ్యలో ముడి పడితే దాన్ని మనం నెట్టక్కర్లేదు, బట్టతోపాటే మన ఒళ్లోకి వచ్చేస్తది."

నాయనమ్మ ఊరుకోలేదు. "బట్టయితే మనం నేస్తే జరుగుద్ది. దీని చెవిలో కూర్చుని నేసేదెవరు?"

"ఇదే నేస్తుంది మామ్మగారూ. నిద్రలో కూడా ఆపదు" అన్నాడు డాక్టరుగారు నా బుగ్గ తట్టి.

"మరి నా చెవులకి చిల్లులు ఇన్నేళ్లు ఎట్టా ఉండిపోయినయ్?"

"పోగు తీయకుండా ఉంచితే చిల్లు లోపలంతా చర్మం కట్టుకుపోతుంది, అది ఇక పూడదు. లోపలి పొరకి అలా కాకూడదనే ఊడిపోయే రకం పెట్టాను. ఊడకుండా ఏళ్లతరబడి ఉండిపోతేనే నాకు భయం. ఇప్పుడు జిగురు లేదు, పిల్ల పెరుగుతోంది, గాలి దారీ పెరుగుతోంది. మళ్లీ నీరు చేరదని రాసివ్వలేను గానీ, చేరకపోవచ్చు. చూస్తూ ఉండండి."

బస్సులో నాయనమ్మ ఉయ్యూరు దాకా ఆలోచించి, "ఊడిపోవాలని పెట్టేవాణ్ణి ఇప్పుడే చూశాను" అంది. నమ్మిందని చెప్పలేను. ఇంటికెళ్లగానే నా మొలతాడు తాయెత్తు విప్పి, లోపలి మంత్రపు రేకు తీసేసి, పసిపిల్లల బొడ్డు దాచినట్టు ఆ ట్యూబుని అందులో పెట్టి మైనంతో మూసింది. చెవిలో ఉండకపోతే పోయె, ఒంటిమీద ఉంటే చాలనుకుంది కాబోలు. ఆ తర్వాత వచ్చిన అమావాస్య కోసం ఇల్లంతా ఎదురుచూసింది.

ఆ రోజు పెరట్లో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. మగ్గాలు లేవు. నా వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ వినని గొంతు, సన్నగా, ఊపిరితో కలిసి. "పాకుండ ఉంది. నీకొక్కదానికే. ఎవరికీ చెప్పకు." ఎవరై ఉంటారా అని కూడా ఆలోచించలేదు, చెవి పట్టుకోవడం గుర్తే రాలేదు. చెయ్యి దానంతట అదే వెనక్కి వెళ్లింది. అరచేతిలో బెల్లపు పాకుండ పడలేదు. ముడతలు పడ్డ చెయ్యి ఒకటి వచ్చి నా చేతిని గట్టిగా పట్టుకుంది. వెనక్కి తిరిగితే నాయనమ్మ. ముక్కు ఎర్రబడిపోయి, కళ్లలోంచి ధారలు. నలభై ఏళ్లు మగ్గాల మధ్య అరుస్తూ బతికిన మనిషికి అంత చిన్న గొంతు ఉందని మా నాన్నకి కూడా తెలియదట. వంటింటి గుమ్మంలో నాన్న, అమ్మ నిలబడి ఉన్నారు. పాకుండ ఎవరి దగ్గరుందో ఎవరికీ గుర్తు లేక, నేను అడిగితే అందరూ వెతికారు.

తర్వాత ఆవిడకి అదే అలవాటైపోయింది. మళ్లీ పోతుందేమోనన్న భయంతో వెనక నుంచి వచ్చి గుసగుసగా ఏదో ఒకటి అనేది. రహస్యాల్లేని ఇంట్లో రహస్యాలన్నీ నాకే చేరాయి. నేను పెద్దదాన్నయ్యాక నాయనమ్మ చెవులు తగ్గాయి. తన గుసగుస తనకే వినపడక గొంతు పెంచింది. నేను సెలవులకి వెళ్తే నా వెనక చేరి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "పాకుండ ఉంది! నీకొక్కదానికే! ఎవరికీ చెప్పకు!" అని వీధి మొగదాకా వినపడేలా చెప్పేది. పక్కింటి పిల్లలు వరసగా వచ్చి నిలబడేవాళ్లు. ఆవిడ వాళ్లని చూసి, వీళ్లకెలా తెలిసిందని నన్ను అనుమానంగా చూసేది. నేను చెవి పట్టుకునేదాన్ని. వినపడిందన్న సంగతి ఆవిడకి చెప్పాలంటే ఇక మిగిలిన దారి అదే.

ఇప్పుడా ఇంట్లో గుంటలు పూడ్చేసి పలకలు పరిచారు. మా భవానీపురం ఫ్లాటులో మోత లేదు. తలుపులేస్తే రోడ్డు కూడా వినపడదు. అల్లుడి చెవుల్లో ఇయర్‌ఫోన్లు, సుధ చెవుల్లో ఇయర్‌ఫోన్లు, పిల్ల ముందు ట్యాబు, దానికి కావలసినంత సౌండు. అప్పుడు అందరూ అరవడం వల్ల నా చెవుడు దాగింది. ఇప్పుడు ఎవరూ ఎవర్నీ పిలవకపోవడం వల్ల దీని చెవుడు దాగింది. ఏది మేలంటే అరుపులే మేలంటాను నేను. కనీసం అమావాస్యకైనా బయటపడ్డాను. నాయనమ్మ ఉంటే క్లినిక్కు టీవీలో నా తెల్లమచ్చ చూసి, ఈ నేతపనికి మాసిక సరిగా పడలేదని డాక్టరుతో పేచీ పెట్టేది.

క్లినిక్కు నుంచి వచ్చినప్పటి నుంచీ సుధ పరీక్షలు పెడుతూనే ఉంది. హాల్లోంచి మేఘనా, వంటింట్లోంచి మేఘనా, బాల్కనీలోంచి మేఘనా. భయంతో పిలిచే పిలుపు కాబట్టి ఒక్కోటీ మూడో అంతస్తు దాకా వెళ్తోంది. పిల్ల ప్రతిసారీ పలుకుతోంది, తల్లి ప్రతిసారీ నమ్మడం లేదు. "అరిస్తే ఏం తెలుస్తుందే? ఇవాళ మనింట్లో అమావాస్య" అన్నాను. ఫ్యాన్ కట్టేయించాను, టీవీ ఆపించాను, అల్లుణ్ణి ఫోనుతో సహా బాల్కనీలోకి పంపాను. ఇల్లు సద్దుమణిగింది. మేఘన నేల మీద బోర్లా పడుకుని, మాకు వీపు చూపిస్తూ, ఏనుగుకి ఊదారంగు వేస్తోంది. నేను నా డబ్బాలోంచి పాకుండ ఒకటి తీసుకుని దాని వెనక్కి వెళ్లాను. సుధ నా భుజం పట్టుకుంది. ఆ పట్టులో దాని ప్రాణమంతా ఉంది. అప్పుడు నాయనమ్మ గొంతుతో, ఊపిరితో కలిపి, చివరి మాట నాకే సరిగా వినపడనంత చిన్నగా అన్నాను. "పాకుండ ఉంది. నీకొక్కదానికే. ఎవరికీ చెప్పకు."

మేఘన తిరగలేదు. ఏనుగు చెవికి రంగు వేస్తూనే ఉంది. నా భుజం మీద సుధ వేళ్లు బిగుసుకున్నాయి. అంతలో ఎడమచెయ్యి వెనక్కి వచ్చింది, అరచెయ్యి పైకి తెరిచి. పాకుండ అందులో పెట్టాను. అది ముందు ఒక ముక్క కొరికి, తర్వాత బాల్కనీ వైపు తిరిగి, మా నేతింట్లో పుట్టిన పిల్లలాగా అరిచింది:

"నాన్నా! అమ్మమ్మ నాకొక్కదానికే పాకుండ ఇచ్చింది! ఎవ్వరికీ చెప్పొద్దంది కూడా!"